పెట్రోలు మూత చిల్లు

డెబ్బై నాలుగులో, కొత్తగా కొన్న పాత కారులో మామగారిని హైదరాబాదు నుంచి కూచిపూడిలో పెళ్లికి తీసుకెళుతున్నాను. కంకిపాడు దాటాక కారు ఉన్నట్టుండి ఆగిపోవడం, కాసేపటికి దానంతటదే బాగుపడడం మొదలైంది. మూడోసారి ఆగినప్పుడు బానెట్ ఎత్తాను. కాలవ గట్టున చేపల గంప దించుకుని బస్సు కోసం కూర్చున్నావిడతో, "మా అల్లుడు ఇంజనీరు" అని మామగారు గొప్పగా చెప్పారు. ప్లగ్గులన్నీ విప్పి తుడిచేసరికి ముహూర్తం దాటిపోయింది.

చివరికి ఆవిడే అడిగింది. "పెట్రోలు మూతకి చిల్లుందాండీ? గాలి చిల్లు లేకపోతే డబ్బాలోంచి కిరసనాయిలు కూడా దిగదు కదండీ."

దారిలో పెట్రోలు పోయించినప్పుడు, ఆవిరైపోతోందని ఆ చిల్లును లక్కతో పూడ్చిన మేధావిని నేనే. మూత తీయగానే ట్యాంకు బుస్సుమంది. ఇంజను అందుకుంది.

"ఇందాకే చెప్పొచ్చు కదమ్మా?" అన్నాను.

"పెద్ద చదువు కదండీ, తెలియడానికి టైము పడుతుందనుకున్నా."