లోడింగ్ ఆపే వేళలు

తమ్ముడు సగంలో వదిలి వెళ్ళిన పని ఒక్కటే. కంపెనీలు లెక్కలకూ సరుకుకూ వాడుకునే ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి అతికించుకునే చిన్న ఎక్స్‌టెన్షన్ ఒకటి వాడు రాశాడు. లారీ ఫ్యాక్టరీలోకి వచ్చిన దగ్గర్నుంచి సరుకు ఎక్కించుకుని గేట్‌పాస్‌తో బయటపడేదాకా అందులో నమోదవుతుంది. పటాన్‌చెరులో పైపుల జాయింట్లు పోతపోసే ఒక ఫ్యాక్టరీలో అది చాలాకాలంగా నడుస్తోంది. దాన్ని ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళ యాప్ మార్కెట్‌ప్లేస్‌లో పెట్టాలని వాడి కోరిక. అక్కడ ఉంటే ఏ ఊరి కంపెనీ అయినా తీసుకుని వాడుకోవచ్చు.

"బీరంగూడల కూసోని రాసింది ఏ దేశంలనో లారీకి గేటు తీస్తదక్కా" అనేవాడు.

ఆ పని మొదలుపెట్టాక, చలికాలంలో ఒక ఉదయం, గుండె ఆగి పోయాడు.

నేను వాడి దగ్గర టెస్టింగ్ చూసేదాన్ని. అంతకుముందు ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేశాను. కోడ్ రాయలేను గానీ చదవగలను, కొద్దిగా మార్చగలను. బీరంగూడలో హార్డ్‌వేర్ దుకాణం మీద ఉన్న మా గదికి మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టి, మిగిలిన పని నేనే చేశాను. ఎక్స్‌టెన్షన్ ఏం చేస్తుందో నాలుగు వాక్యాల్లో రాయాలి. దానికి జతచేసే తెరల ఫొటోల్లో నిజమైన కంపెనీ పేరు కనపడకూడదు కాబట్టి లేని కంపెనీని, లేని లారీలను కల్పించాలి. ఎవరైనా దాన్ని తీసేస్తే వాళ్ళ పాత లెక్కలు చెదరకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మన లారీ గేటు ఎన్నడూ చూడని మనిషి కూడా చదివి చేయగలిగేలా ప్రతి మెట్టూ రాసి పంపాలి. మార్కెట్‌ప్లేస్ పరీక్షకులు దాన్ని పట్టుకునే నడుస్తారు. ఆ రోజుల్లో నేను పుస్తకం తెరిస్తే ఒక పేజీ కూడా సాగేది కాదు. ఈ పని సాగేది.

పంపాను. తిరిగి వచ్చింది. ఆఖరి మెట్టులో గేట్‌పాస్ రావడం లేదని, 'కాసేపాగి ప్రయత్నించండి' అని వస్తోందని, కారణమేమిటో తెరమీద లేదని రాశారు. నేను చేసి చూస్తే గేట్‌పాస్ వచ్చింది. వీడియో తీసి మళ్ళీ పంపాను. మళ్ళీ అదే జవాబు. వాళ్ళ దగ్గరే ఏదో లోపముందనుకున్నాను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం కాకముందే అదే మాట నా తెరమీద కూడా వచ్చింది. అన్నం తిని వచ్చి చేస్తే గేట్‌పాస్ వచ్చేసింది. అప్పుడు కోడ్ వెతికాను. వారానికి ఏడు రోజులు, ఒక్కో రోజుకూ ఒక గంటన్నర. ఆ గంటన్నరలో గేట్‌పాస్ రాదు. పరీక్షకులు రెండుసార్లూ ఆ వేళలోనే చేసి ఉంటారు. ఎందుకో రాసిలేదు. ఎదురుగా గోడకు కిరాణా కొట్టువాళ్ళిచ్చిన క్యాలెండర్ ఉంది. శుక్రవారం గడిలో సన్నటి అక్షరాల్లో అవే అంకెలున్నాయి. రాహుకాలం.

నాకు నమ్మబుద్ధి కాలేదు. వాడు ముహూర్తాలను చూసి నవ్వేవాడు. వాడిని శ్మశానానికి తీసుకెళ్ళే రోజున మా ఊరి పెద్దమనిషి ఒకాయన "రాహుకాలం పోనియ్యుండ్రి" అని అందరినీ ఆపితే, వాడు వింటే ఏమనేవాడో అనుకున్నాను. ఆ ఆపడం వల్ల ఇంకో గంటన్నర వాడి పక్కన కూర్చున్నాను.

ఆ ఏడు వరుసలు చెరిపేస్తే పరీక్ష పాసవుతుంది. కానీ మార్కెట్‌ప్లేస్‌లోకి వెళ్ళిన కొత్త ప్రతే ఆ ఫ్యాక్టరీలో పాతదాని స్థానంలోకి వస్తుంది. చెరిపేముందు అడగాలని ఫ్యాక్టరీకి వెళ్ళాను.

సరుకు బయటికి పంపే డిస్పాచ్ పని చూసే ముసలాయన బల్ల దగ్గరే ఉన్నాడు. "కాకా, ఇది మీరు పెట్టించిండ్రా?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "నేనేడ పెట్టిస్త బిడ్డా? పెట్టుమన్నది మా ఫ్యాక్టరీ సేటు. సేటు నోట్లె ఆ మాట పెట్టింది మీ తమ్ముడు."

"వాడు గివన్ని నమ్మడు గద?"

"నమ్మడు. ఎండకాలం ఈడ కూసొని కంప్యూటర్ చేసుకుంట, హమాలీలు ఆగకుంట ఎత్తుడు చూసిండు. సేటు తాన్కి పోయి జెర ఆరామ్ ఇయ్యుండ్రి అన్నడు. లారీ ఆగితే కిరాయి నువ్విస్తవా అన్నడు సేటు. తెల్లారి క్యాలెండర్ పట్టుకొని వచ్చిండు. 'సేటూ, రాహుకాలంల సరుకు బయటికి తీస్తరా మీరు?' అన్నడు. సేటు మొఖం చూడాలె అప్పుడు!"

గేట్‌పాస్ రాదు కాబట్టి ఆ వేళకు లారీ నింపడమూ మానేశారట. గుమ్మం దగ్గర నీళ్ళు తాగుతున్న హమాలీ అందుకున్నాడు. "రాహువే మా లీడర్ మేడం. గానీ సోమారం మోసం జేస్తడు. మేం డ్యూటీ ఎక్కకముందే వచ్చి పోతడు."

"సోమారం నువ్వేదో పనిజేసినట్టు, నడువ్" అన్నాడు ముసలాయన.

గదికి తిరిగివచ్చాక ఆ వరుసలను కోడ్‌లోంచి తీసి ఒక సెట్టింగ్‌గా మార్చాను. లోడింగ్ ఆపే వేళలు అని పేరు పెట్టాను. ఖాళీగా వస్తుంది. భోజనానికో, నమాజుకో, షిఫ్టు మారేందుకో ఎవరి వేళలు వాళ్ళు నింపుకోవచ్చు. ఆ వేళలో గేట్‌పాస్ అడిగితే ఎందుకు రాదో తెర చెబుతుంది. ఈసారి పరీక్షలో నెగ్గింది. మార్కెట్‌ప్లేస్‌లో వాడి ఎక్స్‌టెన్షన్ కనపడిన రోజు ఆ పేజీని చాలాసేపు తెరిచి ఉంచాను.

తర్వాత కొత్త ప్రతి వేయడానికి ఫ్యాక్టరీకి వెళ్ళాను. సేటు నా వెనకే నిలబడ్డాడు. వేళల గడులు ఖాళీగా ఉన్నాయి. అవి అలాగే ఉంటే ఆ మధ్యాహ్నం నుంచే హమాలీల విశ్రాంతి పోతుంది.

"ఇదేందమ్మా, ఖాళీగున్నది?"

"మీరు చెప్తే నింపుత సార్."

"నేను చెప్పుడేంది? మీ తమ్ముడు పెట్టినయే పెట్టుండ్రి."

పెట్టాను. సోమవారం గడి దగ్గర ఆగాను. ముసలాయన కాగితాలు సర్దుతున్నట్టు తల వంచుకున్నాడు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"సార్, సోమారం యమగండం గూడ చూడాలె గద? పదిన్నరకు వస్తది."

సేటు ఆ గడి వైపు వంగి చూశాడు. "యమగండం అన్ని దినాలుంటదమ్మా" అన్నాడు.

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. లారీ నీడలో ఇద్దరు హమాలీలు తలకు చుట్టిన తువ్వాళ్ళు విప్పి చెమట తుడుచుకుంటున్నారు.

"సోమారం ఒక్కనాడు పెట్టుండ్రి" అన్నాడు. "మిగతా దినాలు మీ తమ్ముడు పెట్టింది సాలు."

పెట్టి, సేవ్ నొక్కాను.