ఖాళీలు వెతికిన మేస్త్రీగారు

మా మేస్త్రీగారు పోయారన్న కబురు నేను కువైట్‌లోని షువైఖ్‌లో అట్టలు లోడ్ చేయిస్తుండగా వచ్చింది. ఫోన్ చేసింది ఆయన ఉన్న వార్డులో నర్సు, భీమవరం వైపు అమ్మాయి. "అన్నయ్యగారూ, పొద్దున్న ఆరున్నరకి పోయారండి. నిద్రలోనే" అంది. నేను నమ్మలేదు. బెడ్డు నంబరు అడిగాను. పక్క బెడ్డులో ఎవరున్నారో అడిగాను. ఓపిగ్గా చెప్పింది. ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది. ఆయనే అయితే ఇంకో రెండు ప్రశ్నలు అడిగేవారు.

ఆయనా నేనూ వేట తుపాకులు అమ్మే దుకాణంలో పనిచేశాం. ఊరు దాటాక ఎడారిలో ఆ దుకాణానికి లైసెన్సున్న చిన్న మైదానం ఉంది. కొన్నవాళ్ల తుపాకీని అక్కడ పరీక్షించి ఇవ్వడం మా పని. ఈ తుపాకీ తూటాలో ఒకే గుండు ఉండదు. మిరియపు గింజకన్నా చిన్న సీసపు రవ్వలు రెండు వందల పైచిలుకు ఉంటాయి. అవి గుంపుగా బయల్దేరి, పోనుపోను విడిపోతాయి. ఎంత దట్టంగా పడతాయన్నది ప్రతి తుపాకీకీ వేరు. అందుకని నలభై గజాల దూరంలో కాగితం కట్టి, పేల్చి, దట్టంగా పడ్డచోట గిరి గీసి, లోపలి చిల్లులు లెక్కపెట్టి రాసివ్వాలి. కాగితాలు కట్టేదీ లెక్కపెట్టేదీ నేను. కింద సంతకం పెట్టేది ఆయన.

ఏడేళ్లు ఆయన కింద ఉన్నాను. ఆయన నన్ను నమ్మారో లేదో ఏడేళ్లూ తెలియలేదు. ఇప్పుడు రాయడానికి కూర్చున్నది కూడా ఆ సంగతి గురించే.

ఆయనకి అన్నింటి మీదా అనుమానమే. ఫింటాస్‌లో మా గదిలో అయిదుగురం. పాల డబ్బా తెచ్చినవాడు దాని మీద తేదీ చదివి వినిపించాలి, తర్వాత ఆయన చదువుకునేవారు. కువైట్ సిటీ అని బోర్డు రాసున్న బస్సు ఎక్కి, డ్రైవర్ని "సిటీకేనా?" అని అడిగి, వెనక్కి వెళ్లి కూర్చున్నవాళ్లని మళ్లీ అడిగేవారు. గదిలో ఒక రావులపాలెం కుర్రాడు, "బాబాయ్, మీరు పుట్టినప్పుడు కూడా తల్లి ఈవిడేనా అని అడిగుంటారు" అన్నాడోసారి. ఆయన నవ్వలేదు. "అడగాల్సిందే. నోట్లో మాట లేకపోయింది" అన్నారు.

కొత్త తూటాల పెట్టె వస్తే అందులోంచి ఒకటి తీసి, కోసి, రవ్వలన్నీ పళ్లెంలో పోసి లెక్కపెట్టేవారు. పెట్టె మీద అచ్చు వేసిన సంఖ్య ఆయనకి పుకారుతో సమానం. తుపాకీ గొట్టం మూతికి బిగించే మరగొట్టాన్ని చోక్ అంటారు. అది ఎంత ఇరుకైతే రవ్వలు అంత దగ్గరగా పడతాయని కొనేవాళ్ల నమ్మకం. ఆయన ఒప్పుకునేవారు కాదు. "ఇరుకు మరీ ఎక్కువైతే ఒకదాన్నొకటి తోసుకుని చెదిరిపోతాయి. సినిమా హాలు గేటు కాడ చూళ్లేదేంటి?" అనేవారు.

నేను చేరిన మొదటి ఏడాదే తప్పు చేశాను. మా దగ్గరికి ఒక కువైటీ పెద్దాయన వచ్చేవాడు. ఏటా చలి తగ్గాక అమెరికా వెళ్లి టర్కీ కోళ్లని వేటాడేవాడు. ఆ కోడికి ఒళ్లంతా ఈకల దుప్పటి. రవ్వలు తలకీ మెడకీ తగిలితేనే పడుతుంది. అంటే అరచెయ్యంత చోటు. అక్కడ దట్టంగా పడకపోతే దెబ్బతిని అడవిలోకి పరిగెత్తి, ఎక్కడో పడి రెండు రోజులు కొట్టుకుని చస్తుంది. అందుకని మూడు చోక్‌లు తెచ్చి, ఏది బాగా దట్టంగా వేస్తుందో చూడమన్నాడు. ఆ రోజు మేస్త్రీగారు దుకాణంలో ఉన్నారు. మైదానంలో నేనొక్కణ్ణే.

ప్రతిసారీ నలభై గజాలు పోయి కాగితం మార్చి రావడం ఎందుకని మూడు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి అట్టకి బిగించాను. ఒకసారి పేల్చగానే పైది లాగేస్తే కింద కొత్తది సిద్ధంగా ఉంటుందని నా తెలివి. పై కాగితంలోంచి దూరిన రవ్వ కింది రెండింటికీ చిల్లు పెడుతుందని తోచలేదు. మట్టిరంగు కాగితం, వెనక అదే రంగు అట్ట. ఆ పెద్దాయన "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ కేకలు. లాగాను, పరిగెత్తాను. కింది కాగితం మీద చిల్లులు చూడలేదని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

మొదటి కాగితంలో తొంభై. రెండోదాంట్లో నూట డెబ్భై. మూడోదాంట్లో రెండు వందల అరవై. ఆ పెద్దాయన నా భుజం తట్టి, మూడో చోక్ బిగించుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం మేస్త్రీగారు కాగితాలు చూశారు. ఆ రకం తూటా ఒకటి కోసి, పళ్లెంలో పోసి, లెక్కపెట్టారు. రెండు వందల పన్నెండు.

"తూటాలో ఉన్నయ్యి రెండొందల పన్నెండు. కాగితం మీద పడ్డయ్యి రెండొందల అరవై. మిగతావి నువ్వేసేవా అబ్బాయ్?"

మూడు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీకి ఆనించారు. మొదటి కాగితం చిల్లులన్నిట్లోంచీ వెలుతురు సూటిగా వచ్చింది.

"ఆయన చేతిలో తప్పు లెక్క పెట్టి పంపేవు. రేపు ముదీర్‌కి చెప్తన్నాను" అన్నారు. మేనేజర్‌ని మేం ముదీర్ అంటాం.

"మేస్త్రీగారూ, నా ఇఖామా రెండు నెలల్లో అయిపోతందండి." ఇఖామా అంటే ఇక్కడ ఉండేందుకు యజమాని డబ్బు కట్టి తెచ్చే అనుమతి; అది పోతే ఇంటికే.

"తెలుసు. నువ్వు కూడా రా. నీ వెనకాల చెప్పేనన్న మాట నాకొద్దు."

మర్నాడు హిందీలో అంతా చెప్పేశారు. ఒక్క ముక్క దాచలేదు. ముదీర్ విని, "ఖలాస్. ఇతని ఇఖామా ఇక కట్టం. కొత్తవాణ్ణి తెస్తాను" అన్నాడు.

"తేండి. కొత్తవాడు కొత్త తప్పులు చేస్తాడు, అవి పట్టుకోడానికి నాకింకో ఏడాది. వీడి తప్పు నాకు తెలిసిపోయింది. వీడు కట్టే ప్రతి కాగితం మళ్లీ నేను లెక్కపెట్టి సంతకం చేస్తాను" అన్నారు మేస్త్రీగారు.

ముదీర్ సరేనన్నాడు. ఇఖామా కట్టారు. ఆ కువైటీ పెద్దాయనకి ఫోన్ చేసి రప్పించి, తిట్లు తిని, మళ్లీ పేల్చి చూశాం. ఒక్కో చోక్‌కి మూడేసి కాగితాలు, ప్రతి కాగితానికీ నేను నడవడం. బాగా కుదిరింది మధ్య చోక్, అదీ కొంచెం నెమ్మదిగా వెళ్లే తూటాతో. అన్నిటికంటే ఇరుకైన చోక్ మధ్యలో పెద్ద ఖాళీ వదిలేసింది. ఆయన ఆ ఖాళీ చూపించి, "చిల్లులు ఎవడైనా లెక్కెడతాడు. ఖాళీలు వెతుకు. కోడి ఖాళీలోంచే పారిపోద్ది" అన్నారు.

నన్ను నిలబెట్టినందుకు కృతజ్ఞత ఉండాలి. ఉంది. కానీ నా ఎదురుగానే నా తప్పు చెప్పిన మనిషితో ఒకే గదిలో పడుకోవడం ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. ప్రతి రోజూ నా కాగితం మీద భూతద్దం పెట్టి, పెన్సిల్‌తో ఒక్కో చిల్లుకీ చుక్క పెట్టేవారు. ఆర్నెల్లకి మానేస్తారనుకున్నాను. అయిదేళ్లు పెట్టారు. నన్ను పోనివ్వకపోవడానికి కారణం జాలి కాదనీ, చేతికింద భయపడే మనిషి ఒకడు కావాలనీ కొన్నాళ్లు నమ్మాను. ఊళ్లో మా ఆవిడతో కూడా అదే అన్నాను. ఆవిడ, "అయితే ఇంకా తప్పులు దొరికాయా?" అంది. లేదన్నాను. "మరి భయపెట్టి ఏం చేసుకుంటాడు?" అంది.

కిందటేడు భూతద్దం ఆగిపోయింది. కాగితం తీసుకుని లోపలి గదిలోకి వెళ్లి, కాసేపాగి సంతకం పెట్టి తెచ్చేవారు. పెన్సిల్ చుక్క ఒక్కటీ ఉండేది కాదు. మొదటి రోజు ఏదో పరీక్ష పెడుతున్నారనుకున్నాను. వారం గడిచింది, నెల గడిచింది. ఇక నమ్మకం కుదిరినట్టుంది అనుకున్నాను. ఒకసారి పది ఎక్కువ రాసి చూద్దామని పెన్ను పట్టుకున్నాను. రాయలేకపోయాను. ఆ నెల నేను ఇంటికి ఫోన్ చేసి, "మేస్త్రీగారు నా లెక్క చూడకుండానే సంతకం పెడుతున్నారు" అని చెప్పుకున్నాను. ఈ వయసులో అలాంటిది చెప్పుకోవడమేమిటని నవ్వొచ్చింది కూడా.

తర్వాత ఆయనకి ఒళ్లు వాచింది. ఆసుపత్రిలో చేర్చాం. పోవడానికి తొమ్మిది రోజుల ముందు మైదానం నుంచి సూటిగా వెళ్లాను. నర్సమ్మాయి వరండాలోనే ఆపింది.

"బాబాయ్‌గారికి షుగర్ వల్ల కళ్లు ఏడాది కిందే పోయాయంటన్నారండి డాక్టరుగారు. నీడలు తప్ప కనపడవంట. మీకు తెలీదా?"

"తెలీదమ్మా."

"నిన్న గోడ మీద అక్షరాలు చదవమంటే గోడ మీద లేనివి కూడా చదివేశారండి."

అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. ఏడాదిగా నేను నమ్మకం అనుకున్నది చూపు పోవడం. అంతే. లోపలికి వెళ్లాలనిపించలేదు. అయినా వెళ్లాను.

"ఎవరూ?" అన్నారు. చెప్పాను. "ఈ వేళప్పుడు నువ్వే అని ఏంటి రుజువు? ఇయ్యాల ఏం తుపాకీ కట్టేవు?"

"టర్కీ కోళ్లాయనదేనండి. వచ్చే వారం ప్రయాణమంట. బాగా వచ్చిందండి, నూట నలభై."

"చేతిలో ఉందా?"

కాగితం చుట్ట చంకలోనే ఉంది. ఇచ్చాను. ఆయన దాన్ని ఒళ్లో పరిచి, తిరగేశారు. రవ్వ దూరిన ప్రతి చోటా కాగితం వెనక్కి చీలి అంచు లేస్తుంది. ఆ గరుకు మీద వేళ్లు పెట్టారు. పై అంచు నుంచి ఎడమకీ కుడికీ, కొంచెం దిగి మళ్లీ ఎడమకీ కుడికీ. తొందర లేదు. అలవాటైన చెయ్యి. లోపలి గదిలో తలుపు వేసుకుని ఏడాది పాటు ఏం చేశారో అప్పుడు తెలిసింది. ఒక్క కాగితం కూడా వదల్లేదు.

చెయ్యి ఒకచోట ఆగింది.

"నీ వేలు ఇటివ్వు."

ఇచ్చాను. నా చూపుడు వేలు పట్టుకుని కాగితం మీద గుండ్రంగా తిప్పారు. చుట్టూ గరుకు, మధ్యలో నున్నగా. నా నాలుగు వేళ్లు పట్టేంత చోటు.

"చూసేవా?"

"ఆయ్. చూళ్లేదండి. చిల్లులే లెక్కపెట్టాను."

"ఆ చోక్ ఇయ్యకు. రేపు మళ్లీ కట్టు."

"ఆయ్. కడతానండి."

నర్సమ్మాయి సూది పట్టుకుని మంచం పక్కకి వచ్చింది. "బాబాయ్‌గారూ, చెయ్యి ఇటు పెట్టండి" అంది. "ఉండమ్మా, కింద సగం ఉంది" అన్నారు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. ఆయన ముఖం కిటికీ వైపు తిప్పి ఉంది, కళ్లు మూసి ఉన్నాయి, వేళ్లు మాత్రం కాగితం మీద వరస తప్పకుండా కిందికి దిగుతున్నాయి.