వంటింటి పెళ్లి కాగితం

పదకొండేళ్లుగా నా బీరువాలో, చీరల అడుగున, నాది కాని కాగితం ఒకటుంది. చీర తీసినప్పుడల్లా దాన్ని ఇంకాస్త అడుక్కి తోస్తాను. ఇవాళ మీకు చెప్పేస్తున్నాను. తిట్టుకున్నా సరే.

న్యూకాసిల్‌లో ఎమ్మే అయ్యాక స్కాట్లాండులో ఒక పెద్దింటి పాత కాగితాలు సర్దే పని దొరికింది. ఆ వంశంలో 'సర్' అనే బిరుదు తరతరాలుగా పెద్దకొడుక్కి వస్తుంది. ఇంటి పెద్దాయన దాన్ని తన పేర రాయించుకోవడానికి రుజువులు సిద్ధం చేయిస్తున్నాడు. ఆయన పెదనాన్న పెళ్లి కాకుండానే, పిల్లల్లేకుండానే యుద్ధంలో పోయాడని అందరూ అనుకునేవారు.

ఒక ఉత్తరాల కట్టలో ఆ పెదనాన్న పెళ్లి కాగితం దొరికింది. వంటమనిషితో! వంటింట్లో, ఇద్దరు సాక్షుల ముందు, మేం భార్యాభర్తలం అని చెప్పి సంతకాలు చేశారు. చర్చి లేదు, పాదిరీ లేడు. జీలకర్ర బెల్లం పెళ్లిళ్లు చూసి పెరిగినదాన్ని, ఇదీ ఒక పెళ్లేనా అని నవ్వుకుని చిల్లర కాగితాల్లో పడేశాను. వారం తర్వాత పాత చట్టం చదివితే తెలిసింది. ఆ రోజుల్లో అక్కడ ఆ మాట చాలు. అది పెళ్లే. వాళ్లకి కొడుకు పుట్టి ఉంటే బిరుదు అతని వంశానిదే.

అప్పుడైనా చెప్పొచ్చుగా? పెద్దాయన నన్ను కన్నబిడ్డలా చూశాడని, ఆ ముసలి ప్రాణాన్ని బాధపెట్టడం ఎందుకని నాకు నేను ఎన్నో చెప్పుకున్నాను గానీ, నా తర్వాతి ఉద్యోగానికి సిఫారసు ఉత్తరం రాసేది ఆయనేనన్న సంగతి ఒక్క క్షణం కూడా మరిచిపోలేదు. స్వార్థం. కాగితం సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేశాను.

ఆ నెలలోనే స్టీవెనేజ్ నుంచి ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. ఆ వంటమనిషి మనవడు, అంటే ఆ పెదనాన్నకీ మనవడే.

"బిరుదు నాకేం వద్దు," అన్నాడు. "మా నానమ్మను ఊరంతా చెడిపోయిందన్నారు. తనకు పెళ్లయిందని ఆమె చచ్చేదాకా చెప్పింది. కాగితమేమైనా కనబడిందా?"

"లేదండీ," అన్నాను.

ఫోను నంబరు రాసిచ్చి వెళ్లిపోయాడు. పెద్దాయన పోయాక బిరుదు ఆయన కొడుక్కి వచ్చింది. నేను మిల్టన్ కీన్స్‌లో కాపురం పెట్టాను. పోయిన నెల మా చెల్లి రిజిస్టరు పెళ్లికి సాక్షి సంతకం నాదే. పెన్ను పట్టుకుంటే ఆ వంటింటి సాక్షులే గుర్తొచ్చారు. ఇంటికొచ్చి మావారికి అంతా చెప్పేశాను.

"ఇన్నేండ్లు నాకు గూడ చెప్పలే గద! ఇయ్యాలనే ఫోన్ జెయ్యి," అన్నాడు.

చేశాను. ఆ డ్రైవరు బతికే ఉన్నాడు. హమ్మయ్య! దాచిన సంగతి చెప్పాను. ఆ కాగితం చదవమన్నాడు. నానమ్మ పేరు వినగానే ఏడ్చేశాడు. మళ్లీ చదివించుకున్నాడు.

క్షమించానని అనలేదు. ఏ మొహంతో అడగను? కానీ ఆ సాయంత్రం కడుపునిండా అన్నం తిన్నాను.

శనివారం ఇద్దరు కూతుళ్లతో వస్తున్నాడు. వాళ్ల ముందు కాగితం చదవాలట, ఎవరు దాచారో కూడా నా నోటితోనే చెప్పాలట.

చెప్తాను.