ఎవరి చెయ్యి లేచింది?

మా చిన్నమ్మది కెలమంగలం పక్కన ఒక పల్లె. మేకలు మేపుతుంది, ఒక గదిలో పట్టుపురుగులు పెంచుతుంది. హోసూరులో నా ఉద్యోగానికి సెలవు దొరికితే చాలు, గూళ్లు విడదీసే రోజుకు ఆడ వాలిపోతాను. ఆ రోజు గడప దాటి వచ్చినవాళ్లు ఎంతటివాళ్లయినా సరే, పురుగులు గూళ్లు అల్లుకున్న చంద్రిక అనే వెదురు తట్ట ముందు కూర్చుని గూళ్లు తీయాల్సిందే. మర్నాడు పొద్దున్నే అవి మార్కెట్టుకు చేరాలి మరి. చూస్తూ నిలబడే మనిషంటే చిన్నమ్మకు ఒళ్లు మంట.

పంచాయతీ ఎన్నికల ముందు కూడా అదే పని మీదున్నాం. ప్రెసిడెంటు పదవికి ఇద్దరు ఆడవాళ్లు పోటీ. ఒకామెది టమాటా వ్యాపారం చేసే ఇల్లు, ఇంకొకామెది లారీలున్న ఇల్లు. ఇద్దరూ పోయినసారి వార్డు మెంబర్లే. మేకలు మేసే బీడులో సగాన్ని చెత్త పోయడానికి ఇచ్చేసింది ఆ పంచాయతీయే. చెత్తలోని ప్లాస్టిక్ కవర్లు తిని చిన్నమ్మ మేకలు కొన్ని కడుపుబ్బి చచ్చాయి. మిగతా సగం సంగతి కొత్త పంచాయతీ మొదటి మీటింగులోనే తేలుతుందట. అదీ పోతే మందను అమ్ముకోవడం తప్ప ఆమెకు దారి లేదు.

అందుకే ఆమెకు ఒకటే పట్టు. ఆనాడు సరేనని చెయ్యెత్తిందెవరు? ఆఫీసులో అడిగితే అందరూ ఒప్పుకున్నారన్నారు. ఈ ఇద్దరేమో ఊళ్లో ఎవరడిగినా వద్దన్నామనే చెప్పుకుంటున్నారు. అందరూ ఒప్పుకుంటే వీళ్లు వద్దన్నదెప్పుడు? ఆ ముడి విప్పేదాకా నాకు అన్నం సయించేలా లేదు.

మధ్యాహ్నం టమాటాలామె ఓట్లడగడానికి వచ్చింది. మొగుడు వీధిలో బండి మీదే ఉండిపోయాడు. చిన్నమ్మ ఆమెను చంద్రిక ముందు కూర్చోబెట్టింది. కాసేపటికి లారీలామె తన స్కూటీ దిగి లోపలికొచ్చి, టమాటాలామెను చూసి వెనక్కి తిరగబోయింది.

"రామ్మా, గడప దాటినావు కదా. కూచో," అంది చిన్నమ్మ. పాపం, ఇద్దరూ ఎదురెదురుగా గూళ్లు తీయసాగారు. నాకు మాత్రం పండగే.

"బీడు ఇచ్చేసిన పొద్దు మీరేమంటిరమ్మా?" చిన్నమ్మ అడిగింది.

"వద్దంటే వద్దన్నానక్కా," అంది టమాటాలామె.

"నేనూ అంతే," అంది లారీలామె.

నా నోరు ఊరుకుంటుందా? "ఆ పొద్దు ఆఫీసులో మీరు యాడ కూచున్నారు?" అన్నాను.

"కిటికీ పక్కన," అంది ఒకామె.

"వాకిలి దగ్గర," అంది రెండో ఆమె.

చిన్నమ్మ చేతిలో గూడు పక్కన పెట్టింది. "ఆ పొద్దు ఆఫీసుకు సున్నం కొడతా ఉండిరి. మీటింగు బడిలో జరిగె. ఆ దోవనే కదా నేను మేకలు తోలుకొని పోయినాను. బయట అన్నీ మొగోళ్ల చెప్పులే! అదేందబ్బా అనుకుంటి."

ముందు లారీలామె పకపకా నవ్వేసింది. "దొరికిపోతిమి! నేను పోలేదక్కా. మా ఆయన పోయి చెయ్యెత్తినాడు. సంతకం మాత్రం నాది."

టమాటాలామె తల ఎత్తలేదు. "మా ఇంట్లోనూ అంతేనక్కా."

నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. లేని చేతుల లెక్క అడుగుతూ ఇన్నాళ్లూ ఊరంతా వీళ్ల వెంట పడిందా!

చిన్నమ్మ మాత్రం వదల్లేదు. "సరే, మీ మొగోళ్ల మాట ఇడిసిపెట్టండి. మిమ్మల్ని అడిగుంటే ఏమందురు?"

"వద్దందును," అంది టమాటాలామె. "మా అమ్మ మేకలు మేపి నన్ను సాకినాది."

"నాకు అబద్ధం యాల? సరే అందును. చెత్త తోలేది మా లారీలే," అంది లారీలామె. "కానీ ఈసారి మీటింగుకు నేనే పోతాను, ఆయన్ను పంపను."

"మరి నువ్వమ్మా?" అని చిన్నమ్మ అడగ్గానే టమాటాలామె వాకిలి వైపు చూసింది. బయట హారన్ మోగింది. ఆమె లేచి వెళ్లిపోయింది.

మనసు మంచిదే కానీ మీటింగుకు పోదు. మీటింగుకు పోయే ఆమె బీడు ఇచ్చేస్తుంది. ఇక ఓటెవరికి వేయాలి? నాకయితే బుర్ర తిరిగింది. చిన్నమ్మ ఎవరికి వేసిందో నాకు చెప్పలేదు.

గెలిచింది టమాటాలామె. మొదటి మీటింగు రోజు చిన్నమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి పోయింది. మొగుడు తెల్ల చొక్కా తొడుక్కుని బండి తీస్తున్నాడు.

"నువ్వు యాడికప్పా? నేను ఓటేసింది నీకు కాదు," అంది చిన్నమ్మ.

"ఆడ ఏం మాట్లాడాల్నో దానికేం తెలుసక్కా?"

చిన్నమ్మ లోపలికి చూసి, "రామ్మా, పోదాం," అంది. ఆమె వచ్చింది. ఆఫీసు దాకా చిన్నమ్మ ఆమె చెయ్యి వదల్లేదు.

మేం కిటికీ బయట నిలబడ్డాం. బీడు విషయం వచ్చింది. ఇటు ఎన్ని చేతులో అటూ అన్నే లేచాయి. ఇక ప్రెసిడెంటే తేల్చాలి. ఆమె కిటికీ వైపు చూసింది. మా వెనకే వచ్చిన మొగుడు అక్కడి నుంచే సరే అనమని తల ఊపాడు. ఆమె అతన్ని చూస్తూనే, చెయ్యెత్తి, "ఇచ్చేది లేదు," అంది.

చిన్నమ్మ నన్ను వాటేసుకుని, "నా మేకలు బతికినాయే!" అని అందరి ముందూ బావురుమంది.