పుష్పక్‌లో మారి బరువు

మా కాలేజీ గేటు పక్కన ఇరవై అడుగుల ఇనుప స్తంభం మీద ఒక పాత విమానం ఉంది. దాని కింద పెట్టబోయే బోర్డుకి సమాచారం సేకరించమని ప్రిన్సిపాల్ నన్ను అడిగారు. లైబ్రేరియన్‌కి వేరే పనేముంటుందని ఆయన నమ్మకం. నేను మూడు వారాలు తిరిగి నాలుగు పేజీలు రాసిచ్చాను. బోర్డు మీద మూడు పంక్తులకే చోటుందన్నారు. మొదటి పంక్తిలో విమానం పేరు వచ్చింది, రెండో పంక్తిలో దాని యజమాని పేరు. మూడో పంక్తిలో దాన్ని కానుకగా పుచ్చుకున్న మా ఛైర్మన్ పేరు, ముందూ వెనకా డిగ్రీలతో సహా. మారి పేరు పట్టలేదు. నాకు ఒళ్లు మండిన మాట నిజమే కానీ, ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు. ఆ విమానంలోనే అతనికి ముప్పై ఏళ్లకు పైగా చోటు దొరకలేదు.

అందుకని ఆ నాలుగు పేజీలూ ఇక్కడ మళ్లీ రాస్తున్నాను, తెలుగులో. కోయంబత్తూరు దగ్గర మా అన్నూరు చుట్టుపక్కల ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు వేలమంది ఉన్నారు. చదవగలిగినవాళ్లు, నాకు తెలిసి, పదిమంది. మా ఛైర్మన్ ఆ పదిమందిలో లేరు కాబట్టి నా ఉద్యోగానికి ఢోకా లేదు.

విమానం పుష్పక్ రకం. అరవైల్లో మన దేశంలోనే తయారైంది. ఇనుప గొట్టాల ఒళ్లు, చెక్క రెక్కలు, వాటిమీద బిగించి కుట్టిన నూలు గుడ్డ. లోపల పక్కపక్కన ఇద్దరు కూర్చోవచ్చు. పురాణంలో పుష్పకానికి ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటు మిగిలేదట. దీనికి ఆ పేరు పెట్టినవాళ్లు ఆ సంగతి మర్చిపోయి ఉంటారు.

1989లో ఏదో ఫ్లయింగ్ క్లబ్ వేలం వేస్తుంటే అన్నూరు జగన్నాథన్ దాన్ని పాడుకున్నారు. ఆయనకు ఒక స్పిన్నింగ్ మిల్లు, ఎనభై ఎకరాల మెట్ట ఉండేవి. బోర్లు ఎండిపోయి గడ్డి కూడా మొలవని ఆ మెట్టలో నిడుపుగా ఒక బాట చదును చేయించి దానికి రన్‌వే అని పేరు పెట్టారు. చాలా ఏళ్ల తర్వాత ఆ నేలమీంచి ఏదో ఒకటి పైకి లేచింది.

లేచింది కానీ, మొదటి వర్షాకాలానికే రెక్కల గుడ్డ ఊడటం మొదలైంది. జగన్నాథన్ కోయంబత్తూరు నుంచి ఇద్దరు పేరున్న టైలర్లను పిలిపించారు. వాళ్లు చొక్కా కుట్టినట్టు కుట్టారు. గాలికి చొక్కా ఊడితే పరువే పోతుంది, రెక్క ఊడితే ప్రాణం పోతుంది. ఈ తేడా తెలిశాక టైలర్లు ఊళ్లో కనిపించలేదు. అప్పుడు జగన్నాథన్ కన్ను తన మిల్లులోనే తోలు బెల్టులు కుడుతున్న మారి మీద పడింది.

మారికి అప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. అతని తండ్రి జగన్నాథన్ గారింటి మోటబావికి తోలు బొక్కెనలు, ఆ ఇంట్లోవాళ్ల కాళ్లకు చెప్పులు కుట్టేవాడు. మోటార్లు వచ్చి మోట పోయింది, కంపెనీ చెప్పులు వచ్చి ఆ పనీ పోయింది. కొడుకు చేతిలో మిగిలింది ఆ కుట్టు ఒక్కటే, మైనం పట్టించిన దారంతో, మూడు వేళ్లకొక ముడి వేస్తూ, ఒక ముడి తెగినా పక్క ముడి వదలకుండా పట్టుకునే కుట్టు. విమానం రెక్కకి కావలసింది అచ్చంగా అదే.

రెక్కను నిలువుగా నిలబెట్టి, ఇటు మారి, అటు అతని భార్య సెల్లమ్మాళ్ కూర్చునేవారు. మూరెడు సూదిని ఇతను ఇటునుంచి పొడిస్తే ఆవిడ అటునుంచి అందుకుని తిప్పి పంపేది. మొగుడూ పెళ్లాల మొహాల మధ్య గుడ్డ అడ్డం. ఆ పదిహేను రోజులూ పోట్లాట లేకుండా గడిచాయని సెల్లమ్మాళ్ ఇప్పటికీ చెబుతుంది. కుట్టు అయ్యాక డోప్ అనే వార్నిష్ పూస్తే గుడ్డ డప్పు తోలులా బిగుస్తుంది. మారి వేలితో కొట్టి, మోత విని, ఎక్కడ వదులుందో చెప్పేవాడు.

జగన్నాథన్ ఇల్లు, మారి ఇల్లు, రెండిట్లోనూ మాట్లాడేది తెలుగే. ఎవరిది అసలైన తెలుగన్న విషయంలో ఎవరి నమ్మకం వాళ్లది. జగన్నాథన్ గారి తోట ఇంట్లో మారికి టీ గ్లాసు వేరుగా ఉండేది, చూరులో దోపి. అతను కుట్టిన రెక్కకి మాత్రం ఆ పట్టింపు లేదు. దాన్ని నమ్ముకుని అందరూ ఎక్కేవారు.

గుడ్డ పని ముగిసిన రోజు జగన్నాథన్ రెక్క కింద నిలబడి మాటిచ్చారు.

"ఈ తూరి మొదుట ఎక్కేది నువ్వేరా మారీ, కండిప్పా."

కండిప్పా అంటే తప్పకుండా అని. మారికి ఆ మాటతో ఆశ పుట్టింది. తను కుట్టింది ఆకాశంలో ఎలా నిలుస్తుందో దాంట్లో కూర్చుని చూడాలి, అంతే. అంతకుమించి అతను ఆ ఇంటివాళ్లను ఏదీ అడిగినట్టు నాకెవరూ చెప్పలేదు.

కానీ పని చూసి సంతకం పెట్టే లైసెన్సు ఇంజనీరు ఒకాయన ఉంటాడు. ఆయన బస్సు దిగి, రెక్కని ఒకసారి తట్టి, టీ తాగి, సంతకం పెట్టాడు. సంతకం పెట్టినవాడే మొదట ఎక్కి చూడాలన్నది జగన్నాథన్ గారి సొంత చట్టం. మారికి లైసెన్సు లేదు, కాబట్టి బాధ్యతా లేదు, సీటూ లేదు. నడిపే తనూ, ఇంజనీరూ ఎక్కితే మూడోవాడి బరువు జాస్తి అవుతుందని జగన్నాథన్ సముదాయించారు. ఇంకో తూరి చూద్దామన్నారు.

ఆ విమానం చేసిన పనులు చెబితే నవ్వొస్తుంది. మిల్లు వార్షికోత్సవానికి నోటీసులు విసిరింది. తప్పిపోయిన ఎద్దుల జతను వెతికింది. అవి పక్కింటి దొడ్లోనే ఉన్నాయి. మామగారి పొలం కేసు కోసం జగన్నాథన్ మదురై కోర్టుకి దాంట్లోనే వెళ్లేవారు. గంటన్నరలో చేరేవారు, కేసు మాత్రం ఇరవై రెండేళ్లు నడిచింది. విమానాన్ని అక్కడ అందుకుని తాళ్లతో కట్టేయడానికి మనిషి కావాలి గనక, మారి ముందురోజే బస్సెక్కి ఆరేడు గంటలు నిలబడి మదురై వెళ్లేవాడు. పక్క సీట్లో ఎవరుండేవారని అడిగాను. వకీలు గారట. ఆయన రాని రోజుల్లో ఆయన కాగితాల కట్టలు. వాటికి బెల్టు కూడా పెట్టేవారట.

ఏడేళ్లకొకసారి గుడ్డ మార్చాలి. మార్చినప్పుడల్లా అదే మాట, మార్చాక ఏదో ఒక బరువు. 1997లో గుడి కుంభాభిషేకం మీద పూలు చల్లాలని మారి సీట్లో రెండు బస్తాల బంతిపూలు ఎక్కించారు. 2004లో జగన్నాథన్ బావమరిది ఎక్కాడు. ఆయన ఒక్కడే రెండు మారిల పెట్టు. బరువు లెక్క ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. విమానం లేస్తున్నంతసేపూ మారి రన్‌వే చివర గొర్రెల్ని అదిలిస్తూ నిలబడ్డాడు.

సెల్లమ్మాళ్ నోటికి అడ్డు లేదు. ఆ సాయంత్రం మొగుడితో అన్న మాట నాకు ఆవిడే చెప్పింది.

"మీ నాయన కుట్టిన చెప్పులేసుకొని ఆయప్ప నడిచినాడు. నువ్వు కుట్టిన రెక్కలేసుకొని ఎగురుతుండాడు. మనకు రెండూ లేవు."

మారి అప్పుడు నవ్వేసి ఊరుకున్నాడట. నాకు చెబుతున్నప్పుడు మాత్రం సెల్లమ్మాళ్ నవ్వలేదు.

2011లో నాలుగోసారి గుడ్డ మార్చారు. ఆ ఏడు జగన్నాథన్ మెత్తబడ్డారు. వయసు డెబ్బై దాటింది, బావమరిది పోయాడు, కేసు ఓడిపోయారు. ఆయుధపూజ మర్నాడు పొద్దున నిజంగానే నిన్ను ఎక్కిస్తానన్నారు. సూలూరు ఎయిర్‌ఫోర్స్ వాళ్లకి ఫోన్ చేసి తొమ్మిది గంటల వరకు అనుమతి కూడా తీసుకున్నారు.

ఆయుధపూజకి మా వైపు కదిలే ప్రతి యంత్రానికీ గంధం, కుంకుమ పెట్టాల్సిందే. మగ్గం నుంచి మిక్సీ దాకా దేన్నీ వదలరు. విమానానికి పెట్టేది ఎప్పుడూ మారే. రెక్క కింద వేలంత గొట్టం ఒకటి ఉంటుంది. దాని మూతిలోకి గాలి దూరితేనే లోపల వేగం చూపే ముల్లు లేస్తుంది. ఇరవై ఏళ్లుగా మారి విమానం ఒళ్లంతా బొట్లు పెట్టి ఆ గొట్టాన్ని మాత్రం జాగ్రత్తగా వదిలేసేవాడు. ఆ ఏడు తనే ఎక్కబోతున్నాడు. సంతోషంలో, మొట్టమొదటి బొట్టు ఆ గొట్టానికే, నిండుగా, దిట్టంగా పెట్టాడు. గంధం ఎండి రాయైంది.

మర్నాడు మారి తెల్లచొక్కా వేసుకుని ఎక్కి కూర్చున్నాడు. బెల్టు పెట్టారు. విమానం పరుగెత్తింది. గొర్రెలు, చూరు, నిలబడి చూస్తున్న సెల్లమ్మాళ్ వెనక్కి పోయారు. తోక లేచింది. ముల్లు మాత్రం సున్నా దగ్గరే కూర్చుంది. వేగం తెలియకుండా ఎగరకూడదు గనక జగన్నాథన్ ఇంజిన్ తగ్గించి, బాట చివర కంచెకి పది గజాల ముందు ఆపారు. దిగి గొట్టం చూశారు. ఆయన కోప్పడలేదు. కడుపు పట్టుకుని నవ్వారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని మారి నాతో అన్నాడు.

గంధం తవ్వి తీసేసరికి తొమ్మిది దాటింది. రేపు పోదామన్నారు జగన్నాథన్. మర్నాడు తెల్లారుతూనే ఆయనకి గుండెనొప్పి వచ్చింది. ప్రాణం దక్కింది కానీ, విమానం నడపకూడదని డాక్టర్లు కట్టడి చేశారు. ఎనిమిదేళ్ల తర్వాత పోయారు. అప్పటిదాకా, ఆ తర్వాతా కూడా, మారి ప్రతి శుక్రవారం షెడ్డు తెరిచి రెక్కలు తుడిచి, ఆ గొట్టంలో సన్నటి పుల్ల పెట్టి చూసేవాడు. ఎందుకని అడిగితే, పురుగులు గూడు కడతాయి అమ్మణీ, అన్నాడు.

జగన్నాథన్ కొడుకు శరత్‌కుమార్‌కి మిద్దె ఎక్కితేనే కళ్లు తిరుగుతాయి. ఆయన విమానాన్ని మా కాలేజీకి ఇచ్చేశారు. ఇంజిన్ విప్పి మెకానికల్ పిల్లలకి అప్పగించారు. మిగిలిన ఒళ్లు నిరుడు ఆడి మాసంలో, అంటే ఆషాఢంలో, పాలఘాట్ కనుమ గాలి జోరుగా వీచే రోజున, క్రేన్‌తో స్తంభం మీదికి ఎక్కించడానికి తెచ్చారు. ఆ రోజే ఎందుకంటే ఛైర్మన్ గారి జ్యోతిష్యుడు ఆ రోజే చెప్పాడు.

క్రేన్ రెండడుగులు ఎత్తగానే విమానం తోక వాల్చి ముక్కు పైకెత్తింది. ఇంజిన్ లేక ముందుభాగం తేలికైపోయింది. ఇంజిన్ చోట ఇసుక మూటలు కట్టారు, చాలలేదు. సీట్లో ఇంకో అరవై కిలోలు కావాలని, బోల్టులు బిగించేదాకా అవి కదలకూడదని, బరువు ముందుకో వెనక్కో జరగమంటే జరిగేలా మనిషైతే మేలని క్రేన్ మేస్త్రి నటరాజన్ తేల్చాడు. మా లెక్చరర్లందరికీ ఒక్కసారిగా క్లాసులు గుర్తొచ్చాయి. శరత్‌కుమార్ చుట్టూ చూసి, ఓ పక్కన రెక్క తాడు పట్టుకుని నిలబడ్డ మారి దగ్గర ఆగాడు. తండ్రి "ఏరా మారీ" అనేవారు. కొడుక్కి పని పడింది కాబట్టి మర్యాద పెరిగింది.

"మారన్నా, నీ వెయిట్ ఎంత?"

"అరవై రెండు సామీ," అన్నాడు మారి. "పెద్దయ్య ఉన్నప్పుడు అదే జాస్తి అయ్యింది."

శరత్‌కుమార్ తల దించుకున్నాడు. మారి ఎక్కి కూర్చుని, ఎవరూ చెప్పకుండానే బెల్టు పెట్టుకున్నాడు.

ఈసారి విమానం తిన్నగా లేచింది. ఇరవై అడుగులు లేచి స్తంభం మీద కూర్చుంది. అప్పుడు తెలిసింది, కింది పలకలో రంధ్రాలు కుదరడం లేదని. కొత్తవి తొలవాలి. మధ్యలో భోజనాల వేళ అయింది, పనివాళ్లు వెళ్లిపోయారు. మారి దిగితే ముక్కు లేస్తుంది గనక అతన్ని దిగొద్దన్నారు. సెల్లమ్మాళ్ క్యారియర్ తెచ్చి, తలెత్తి చూసి, చెట్టు నీడన కూర్చుంది. మదురైకి వకీలు కాగితాలు ఎగిరినంతసేపు, గంటన్నరపైనే, మారి గాల్లో ఉన్నాడు.

బోల్టులు బిగిశాయి. బరువుతో పని అయిపోయింది, దిగిరమ్మని నటరాజన్ నిచ్చెన వేసి కేకేశాడు. మారి కదల్లేదు. ఛైర్మన్ గారి కారు వచ్చే వేళయిందని శరత్‌కుమార్ కూడా పిలిచాడు. పైనుంచి మారి గొంతు వినబడింది. అది అరుపు కాదు, కానీ కింద అందరికీ వినబడింది.

"గాలికి ముల్లు లేస్తుండాది సామీ. కొంచేపు ఆగండి."

ఆ ముల్లేమిటో మేస్త్రికి తెలియదు. తెలిసింది శరత్‌కుమార్‌కి, సెల్లమ్మాళ్‌కి, బోర్డు కోసం తిరిగి అప్పటికే విని ఉన్న నాకు. ఆవిడ చెట్టు కింద నుంచి లేచి నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది. శరత్‌కుమార్ నటరాజన్‌ని ఆగమన్నాడు. కనుమ వైపు నుంచి ఇంకో విసురు వచ్చి రెక్కల గుడ్డ మోగింది. గేటు బయట ఛైర్మన్ గారి కారు హారన్ కొట్టింది. మారి దిగేదాకా మేమంతా కింద నిలబడి ఉన్నాం.