క్యాన్ మీద తాబేలు

ఆ మూడు నెలలూ నాకు ఒక్క కథా రాలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎందుకు లేచానో గుర్తుండేది కాదు. తోమిన గిన్నెలే మళ్లీ తోమేదాన్ని. కె.ఆర్.పురంలో మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తు వరండాలో నేను తిరిగిన తిరుగుడికి టైల్సు అరిగిపోయి, కింది ఇంటివాళ్లు ఏం వండుకుంటున్నారో కనిపించేదంటే మీరు నమ్మాలి.

అలాంటి ఒక పొద్దున ఖాళీ నీళ్ల క్యాన్ గుమ్మం బయట పెడుతుంటే, దాని మెడ కింద నల్ల మార్కర్‌తో గీసిన ఉడత కనిపించింది. తోక ఎత్తి, ఒక కాలు గాలిలో పెట్టి, ఎటో పరిగెత్తబోతోంది. మిగతా గుమ్మాల ముందున్న క్యాన్లూ చూశాను. ఒకదాని మీద గుడ్లగూబ, ఒకదాని మీద కోడిపుంజు, కొన ఇంటి క్యాన్ మీద తాబేలు.

ఇక ఊరుకుంటానా? లిఫ్టు కిందికి దిగేలోపు కథ తయారైంది. మా క్యాన్లు తెచ్చే అతని అవ్వ ఆనేకల్ వైపు పేరుమోసిన సోదెకత్తె. ఆ విద్య ఇతని చేతిలోకి దిగింది. ఏ ఇంటి భవిష్యత్తు ఆ ఇంటి క్యాన్ మీద పడుతుంది. తాబేలు పడిన ఇంట్లో శుభకార్యం ఆలస్యం. లిఫ్టులో ఉన్న ఇద్దరికి ఇదంతా చెప్పి, ఇంటికొచ్చి ఆగకుండా నాలుగు పేజీలు రాశాను.

నాలుగు రోజులకి నా క్యాన్ బోసిగా వచ్చింది.

"బొమ్మ ఏమైందన్నా?"

"థిన్నర్ పోసి అన్నీ తుడిచేసినానక్కా," అన్నాడతను, భుజం మీది క్యాన్ దించకుండానే. "ఆ కొన ఇంటి మేడమ్ గలాటా చేసింది. నా కూతురికి సంబంధం చూస్తా ఉంటే తాబేలు గీస్తావా అని. అందరూ వేరేవాళ్ల దగ్గర నీళ్లు తెప్పించుకుంటారంట. ఈ బిల్డింగు పోతే నా పని సగం పోయినట్లే."

"అసలు ఎందుకు గీశావు?"

"మా క్యాన్ మాకే కావల్ల అంటారు కదా మీరంతా. నెంబర్లు రాస్తే పక్క బిల్డింగులో కూడా అవే నెంబర్లు ఉండాయి. అందుకని సుమ్నే, ఊరికే, ఏ ఇంటిని చూస్తే ఏం తోస్తే అది గీసినాను. మీరు ఒక చోట నిలబడింది నేను చూడనే లేదు, ఉడత. వాళ్లు బెల్లు కొట్టిన పది నిమిషాలకి తలుపు తీస్తారు, తాబేలు. దీనికి జోస్యం అంట! ఏ పుణ్యాత్మురాలు పుట్టించిందో!"

ఆ పుణ్యాత్మురాలు ఖాళీ క్యాన్ గుమ్మం బయటికి జరిపింది. అతను వెళ్లగానే ఒక కాలికి నా చెప్పు, ఇంకో కాలికి మా ఆయన చెప్పు వేసుకుని కొన ఇంటికి పరిగెత్తి బెల్లు కొట్టాను. ఎవరూ రాలేదు. వరండా ఆ చివరిదాకా నాలుగుసార్లు నడిచొచ్చాను. చివరికి కర్ర పట్టుకున్న ముసలావిడ తలుపు తీసింది, వెనకే గలాటా చేసిన ఆవిడ కోడలు వచ్చింది.

"ఆ జోస్యం నేను కల్పించానండీ. అతని తప్పేం లేదు," అన్నాను.

"జోస్యం కాకపోతే మరి మాకే తాబేలెందుకు?" అంది కోడలు.

కూర్మావతారం, దీర్ఘాయుష్షు, ఇంకేవో నాలుక మీదికి వచ్చేశాయి. ఏది చెప్పినా సాయంత్రానికి ఇంకో కథై అతని మెడకే చుట్టుకుంటుంది. మింగేశాను.

"మీరు తలుపు ఆలస్యంగా తీస్తారని."

కోడలి ముఖం ఎర్రబడింది. ముసలావిడ మాత్రం కర్ర ఊగిపోయేలా నవ్వింది.

"తలుపు తీసేది నేనేగా! అయితే వాడు గీసింది నన్నన్నమాట. ఇన్నేళ్లకి నా బొమ్మ ఒకడు గీస్తే తుడిపించేశావుటే?"

"అత్తయ్యా, మీరు లోపలికి వెళ్లండి."

"వెళ్లను. మళ్లీ రావడానికి పది నిమిషాలు పడుతుంది."

కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. "సరే, అతన్నే నీళ్లు వేయమనండి. మిగతావాళ్లకి నేను చెప్తాను. బొమ్మలూ గీసుకోమనండి," అని నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "మాకు మాత్రం సోమవారం గీయమనండి. ఆదివారం పెళ్లిచూపులకి వస్తున్నారు."

పిట్టగోడ మీంచి తొంగి చూశాను. అతను కింద ఆటోలోకి ఖాళీ క్యాన్లు ఎక్కిస్తున్నాడు.

"అన్నా, మార్కర్ తీసుకుని పైకి రా! ఆ కొన ఇంటికి మాత్రం సోమవారం!"

"సోమవారం ఎందుకక్కా?"

"రా, చెప్తాను. ఆ జోస్యం ఎవరు పుట్టించారో అదీ చెప్తాను."