పిన్నమ్మను నమ్మని రోజులు

పోయిన ఆదివారం ఆత్మకూరులో మా ప్రార్థన మందిరానికి వచ్చిన పాస్టరుగారు 'అపిస్తియా' అనే గ్రీకు మాటకు అర్థం చెప్పారు. పిస్తిస్ అంటే నమ్మకమట, మన మాటల్లో లాగే ముందు 'అ' చేరితే అది లేకపోవడమట. దేవుణ్ణి నమ్మకపోవడమే కాదు, మంచి చేసే మనిషిని కూడా అనుమానంగా చూడటం అదేనన్నారు. అందరూ తలలూపుతుంటే నా కళ్లముందు మా పిన్నమ్మ మెదిలింది.

ఉదయగిరిలో మా అమ్మ పోయిన మరుసటి ఏడు, గొర్రెల వెంట తిరుగుతూ నన్ను సాకలేక, నాయన కొండాపురం వైపు నుంచి పిన్నమ్మను చేసుకొచ్చాడు. సవతితల్లి అన్నంలో ఏం కలుపుతుందో చూసుకోమని వీధిలో ఆడవాళ్లు నా చెవిన వేశారు, మన చిన్నతనంలో అలాంటి మాటలకు కొదవేముంది చెప్పండి, దాంతో ఆమె పెట్టిన కంచాన్ని నేను పక్కకు నెట్టేదాన్ని. ఆమె కోప్పడకుండా అందులోంచే ఒక ముద్ద తిని చూపించి, "నన్ను నమ్మబాకులే పాపా, ఆకలైతే మాత్రం తిను" అని అవతలికి పోయేది.

ఒకరోజు నాకు తల దువ్వి, ఉన్నంతలో మంచి గౌను తొడిగి ఆత్మకూరు బస్సెక్కించింది. నన్ను హాస్టల్లో వదిలేస్తుందని అప్పటికే ఎవరో చెప్పి ఉన్నందువల్ల, బస్టాండులో సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుని దిగనని ఏడ్చాను. ఇంకా నెల్లూరు దాకా పోవలసిన బస్సు అది. కండక్టరు విసుక్కుంటే, "బిడ్డ భయపడిపోయుండాది, రవ్వంత నిలుపన్నా" అని బతిమాలి, పిన్నమ్మ నా పక్కనే కూర్చుని సంచిలోంచి తువ్వాలు మడత విప్పింది. లోపల నాయనా అమ్మా కలిసి ఉన్న పాత ఫోటో, అందులో అమ్మ ముఖం గోరంత.

"దీన్ని పెద్దది చేయిద్దామనే వచ్చినాం. రేపు మీ అమ్మ మొగం నువ్వు మర్చిపోతే ఎట్టా?"

నేను కమ్మీ వదిలి ఆమె వేలు పట్టుకున్నాను. స్టూడియో ఆయన ఫోటోలోని ఆవిడ మీకేమవుతుందని అడిగితే, తడుముకోకుండా "మా అక్క" అంది. అమ్మను ఎన్నడూ చూడని మనిషి ఆ మాట అనగానే, ఆమె నడుం చుట్టేసుకుని ఏడ్చాను.

పిన్నమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు బస్సులూ ఆటోలూ పెరిగాయి, ఏడ్చే పిల్లల చేతిలో ఫోను పెట్టి దించేస్తున్నారు. ఆనాడు బస్సు నిండా ఉన్నవాళ్లకూ పనులుండే ఉంటాయి. అయినా ఒక బిడ్డకు నమ్మకం కుదిరేదాకా అందరూ ఓపిగ్గా కూర్చున్నారు.